నీట మునిగిన వరికి బీమా లేదట!

మొంథా తుపాను 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురానికి దగ్గరలో తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలి, దానికి తోడు వాన. తెల్లారి చూసుకుంటే కోనసీమలోనూ, పశ్చిమ డెల్టాలోనూ సార్వా చేలు చాప పరిచినట్టు నేలవాలి ఉన్నాయి. కొన్ని చోట్ల గింజ ఇంకా పాల మీదే ఉంది. కొన్ని చోట్ల మరో రెండు వారాల్లో కోత మిషన్ దిగాల్సిన చేను. పడ్డ చేను మీద నీళ్లు నిలిచాయి. మురుగు కాలవ నిండుగా ఉంది కాబట్టి ఆ నీళ్లు పోయే దారి లేదు.

ఆ వారమంతా మా సంఘం కార్యకర్తలు పల్లపు చేల వెంట తిరిగారు. ఎక్కడికి వెళ్లినా గట్టు మీద నిలబడ్డ రైతు అడిగిన మొదటి మాట ఒక్కటే: "బీమా వస్తాదంటారా అండీ?"

ఆ రోజు మేము తిన్నగా జవాబు చెప్పలేకపోయాం. "చూద్దాం, కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోండి" అని వచ్చేశాం. ఆ జవాబు మాకే సిగ్గనిపించింది. అందుకే నిబంధనలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. చదివాక తెలిసిందేమిటంటే, ఈ బీమా డెల్టా రైతును చూసి కుట్టిన చొక్కా కాదు. ఎవరి కొలతలకో కుట్టి మన భుజాన వేశారు. ఎక్కడెక్కడ పట్టదో ఈ వ్యాసంలో ఒక్కొక్కటిగా చెబుతాం.

వరి నీళ్ల పంట కాబట్టి మునిగితే నష్టం కాదట

ప్రధాన మంత్రి ఫసల్ బీమా యోజన 2016 ఖరీఫ్‌లో మొదలైంది. ఊరు మొత్తానికి లెక్కగట్టే బీమా కాకుండా, ఒక్కో రైతు చేనుకు విడిగా జరిగిన నష్టాన్ని కూడా చూస్తామని అందులో ఒక భాగం పెట్టారు. వడగళ్లు, కొండచరియలు విరిగిపడటం, ముంపు వంటివి అందులోకి వస్తాయి. బాగానే ఉంది. కానీ 2018లో నిబంధనలు మార్చినప్పుడు ఒక ముక్క తీసేశారు. వరి, చెరకు, జనుము, గోగు నార పంటలు నీటిని ఇష్టపడేవి కనుక వాటికి ముంపు నష్టం ఈ భాగం కింద వర్తించదన్నారు.

వరి నీళ్లలో పెరుగుతుందన్నది నిజమే. మన పిల్లలకూ తెలుసు. అయితే మడిలో పాదం మునిగేంత నీరు పెట్టడం వేరు, కంకి నేలవాలి నాలుగైదు రోజులు నీళ్లలో నానడం వేరు. నానిన కంకి మీదే మొలక వస్తుంది. మొలక రాని గింజ రంగు మారుతుంది. పాల మీద ఉన్న గింజ తాలైపోతుంది. చేప నీళ్లలో బతుకుతుంది కదా అని దాన్ని మరిగే నీళ్లలో వేసి, నీళ్లే కదా అన్నట్టుంది ఈ నిబంధన.

తీసేయడానికి పైవాళ్లు చెప్పిన కారణాలు రెండు. ఒకటి, రైతు నిర్లక్ష్యం చేసి బీమా మీద ఆధారపడతాడేమోనన్న అనుమానం. రెండు, మునిగిన పంటలో నష్టం అంచనా వేయడం కష్టమన్న వాదన. మొదటి దానికి మా జవాబు చిన్నది. ఎకరానికి వేలకు వేలు పెట్టుబడి పెట్టి, కోతకు రెండు వారాల ముందు చేనును చేతులారా ముంచుకునే రైతును ఒక్కణ్ని మాకు చూపించండి. రెండో దానిలో కొంత నిజం ఉంది. మునిగిన చేను నష్టం ఎంతో నీళ్లు తీశాక కానీ తేలదు. కానీ 2023 ఖరీఫ్ నుంచి ఇదే పథకంలో వరి దిగుబడిని ఉపగ్రహ చిత్రాలతో, సాంకేతిక పద్ధతులతో అంచనా వేసి దానికి 30 శాతం విలువ ఇస్తున్నారు. గింజ బరువును ఆకాశం నుంచి కొలవగలిగిన కన్నుకు, వారం రోజులు చేలో నిలిచిన నీళ్లు కనపడవా?

ఈ తప్పును చివరికి కేంద్రమే ఒప్పుకుంది. 2025 నవంబరు 18న కేంద్ర వ్యవసాయ శాఖ ఒక ప్రకటన చేసింది. వరి ముంపును మళ్లీ బీమాలో చేరుస్తున్నామని, అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని కూడా కలుపుతున్నామని, ఇవి 2026 ఖరీఫ్ నుంచి అమలవుతాయని అందులో ఉంది. తేదీలు చూడండి. తుపాను అక్టోబరు 28న. ప్రకటన నవంబరు 18న. అమలు వచ్చే సార్వా నుంచి. అంటే తప్పు ఒప్పుకున్నారు కానీ ఆ తప్పు వల్ల మునిగినవాడికి మాత్రం రూపాయి లేదు. పైగా 2018 నుంచి 2025 దాకా ఈ డెల్టాలో మునిగిన ప్రతి వరి చేనుకు ఇదే గతి.

ఊరి సగటులో పల్లపు రైతు మాయం

మరి ముంపు కింద రాకపోతే ఏం వస్తుంది? ఊరంతటికీ కలిపి లెక్కగట్టే బీమా ఉంది. తుపాను నష్టం దాని కింద వస్తుందని అధికారులు అంటారు. అబద్ధం కాదు. కానీ ఆ లెక్క ఎలా వేస్తారో ప్రతి రైతూ తెలుసుకోవాలి.

ఊరిని ఒక యూనిట్‌గా తీసుకుంటారు. గడిచిన ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటు దిగుబడి తీసి, దానికి నష్టభర్తీ స్థాయిని (70, 80 లేదా 90 శాతం) కట్టి ఒక హామీ దిగుబడి నిర్ణయిస్తారు. ఆ ఏడాది ఊళ్లో నాలుగు చోట్ల పంట కోత ప్రయోగాలు చేసి అసలు దిగుబడి లెక్కిస్తారు. అసలు దిగుబడి హామీ దిగుబడి కంటే ఎంత తగ్గితే, బీమా మొత్తంలో అంత శాతం పరిహారం. తగ్గకపోతే సున్నా.

ఒక లెక్క వేసుకుందాం. ఊళ్లో 300 ఎకరాల వరి ఉంది. హామీ దిగుబడి ఎకరానికి 2,000 కిలోలు అనుకుందాం. మెరక చేలు 200 ఎకరాలు. అక్కడ నీళ్లు ఒక్క రోజులో దిగిపోయాయి, దిగుబడి 2,300 కిలోలు వచ్చింది. పల్లపు చేలు 100 ఎకరాలు. అక్కడ వారం మునిగి 1,400 కిలోలే వచ్చాయి. రెండూ కలిపి ఊరి సగటు సరిగ్గా 2,000 కిలోలు. హామీ దిగుబడితో సమానం. పరిహారం సున్నా!

పల్లపు రైతు ఎకరానికి 900 కిలోలు, అంటే మన 75 కిలోల బస్తాలో 12 బస్తాలు పోగొట్టుకున్నాడు. సార్వా మక్తా ఎకరానికి 12 బస్తాలైతే ఆ మక్తా మొత్తం నీళ్లపాలైనట్టే. 2025-26 మద్దతు ధర ప్రకారం బస్తా సుమారు 1,777 రూపాయలు. ఎకరానికి 21 వేలు పోయాయి. కానీ కాగితం మీద ఆ ఊళ్లో నష్టమే జరగలేదు.

ఊరి సగటు ఎకరానికి 1,800 కిలోలకు పడిందనుకుందాం. అప్పుడు తగ్గింది పది శాతం. ఎకరానికి 40 వేల బీమా ఉంటే నాలుగు వేలు వస్తుంది. మెరక మీద ఒక్క గింజ పోనివాడికీ నాలుగు వేలే, పల్లంలో సగం పోయినవాడికీ నాలుగు వేలే. మెరక రైతును మేము తప్పుపట్టడం లేదు. అతనూ ప్రీమియం కట్టాడు. తప్పు లెక్కలో ఉంది.

ఒకప్పుడు మండలమంతా ఒక యూనిట్. అది అన్యాయమని పోరాడితే ఊరి దాకా వచ్చింది. మరో మెట్టు దిగాలి. ఒకే ఊళ్లో మెరక, పల్లం వేరని నీటిపారుదల శాఖ దగ్గర లెక్క ఉంది, రైతు దగ్గర అనుభవం ఉంది. బీమా దగ్గర మాత్రం లేదు.

ఇక మధ్యలో దెబ్బ తగిలితే వెంటనే కొంత ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉందంటారు. ఊరి దిగుబడి హామీలో సగానికి పైగా పడిపోతుందని తేలితే, రాబోయే పరిహారంలో 25 శాతం దాకా ముందుగా ఇస్తారు. కానీ మామూలు కోత సమయానికి 15 రోజుల లోపు విపత్తు వస్తే అది వర్తించదు. మన తుపానులు వచ్చేదెప్పుడు? అక్టోబరు, నవంబరు, డిసెంబరు. సరిగ్గా కోతల వేళ. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపాను, 2012 అక్టోబరు చివర్లో నీలం, 2013 నవంబరులో హెలెన్, 2023 డిసెంబరులో మిచాంగ్. ఈ నెలల పేర్లు నిబంధన రాసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

కోసిన పంటకు కాపలా ఉంది, రాశికి లేదు

కోత తరవాత 14 రోజుల దాకా తుపాను, అకాల వర్షాల నుంచి రక్షణ ఉంది. ఇది విడిగా ఒక్కో రైతుకు చూసేదే. వినగానే ధైర్యం వస్తుంది. అయితే అది ఎవరికి? కోసి పొలంలోనే పరిచిన పనకు, చిన్న కట్టలుగా వదిలిన పంటకు. కుప్ప వేసినదానికి, నూర్చిన ధాన్యానికి కాదు.

ఈ రోజు డెల్టాలో చేత్తో కోసి పనలు వేసే చేను ఎంత మిగిలింది? కోత మిషన్ దిగితే గంటలో ధాన్యం ట్రాక్టరులో ఉంటుంది. తేమ 17 శాతానికి దిగితే కానీ కొనరు కాబట్టి ఆ ధాన్యాన్ని కళ్లంలోనో, గట్టు మీదో, రోడ్డు పక్కనో ఆరబోయాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన దగ్గర తడిసింది ఎక్కువగా ఈ ఆరబోసిన ధాన్యమే. బరకాలు కప్పినా కింద నుంచి నీళ్లు వచ్చాయి. అది చేలో ఉన్న పంట కాదు కాబట్టి బీమా లేదు. కొన్న ధాన్యం కాదు కాబట్టి ప్రభుత్వానిదీ కాదు. రంగు మారిన, మొలకెత్తిన గింజ ఐదు శాతం దాటితే ప్రమాణాల ప్రకారం తీసుకోరు. మధ్యలో ఆ రాశి ఎవరిది? వానదా?

కోత పద్ధతి మారి ఇరవై ఏళ్లవుతోంది. నిబంధన మాత్రం కొడవలి దగ్గరే ఆగిపోయింది.

దున్నేది ఒకరు, ప్రీమియం ఇంకొకరి పేరున

ఈ డెల్టాలో చేలోకి దిగేవారిలో ఎక్కువమంది కౌలుదారులన్నది ఎవరూ కాదనని నిజం. భూమి గలవారు రాజమండ్రిలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. వారి మీద మాకు కోపం లేదు. కానీ కాగితమంతా వారి పేరున నడుస్తుంది. పాసు పుస్తకం వారిది. దాని మీద పంట రుణం వారిది. ఆ రుణంలోంచి బీమా ప్రీమియం వారి పేరున పోతుంది. తుపాను వచ్చి పంట పోతే, పరిహారం కూడా వారి ఖాతాకే.

పెట్టుబడి పెట్టినవాడికి వడ్డీ వ్యాపారి నోటు, ఎరువుల కొట్టు బాకీ మిగులుతాయి. మక్తా మాత్రం ఆగదు. మా సంఘంలోని ఒక కౌలు రైతు మాటల్లోనే చెప్పాలంటే, "చేను నాది కాదు, రుణం నాది కాదు, బీమా నాది కాదు. నష్టం ఒక్కటే నాదండీ!"

కౌలుదారుకు కార్డు ఇస్తామని 2011లో చట్టం చేశారు. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. ఆ చట్టంలో మెలిక ఏమిటంటే, భూ యజమాని ఒప్పుకుని 11 నెలల ఒప్పందం మీద సంతకం చేయాలి. సంతకం చేస్తే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడేమోనని కౌలుదారు భయం. ఈ రెండు భయాల మధ్య కార్డు రాదు. కార్డు లేకపోతే బీమాకు ప్రీమియం కడతానన్నా కట్టించుకునే చోటు దొరకదు. ఆగస్టులో గడువు ముగుస్తుంది, అక్టోబరులో తుపాను వస్తుంది.

పరిహారం యజమాని ఖాతాలో పడినప్పుడు తీసుకొచ్చి కౌలుదారు చేతిలో పెట్టిన పెద్దమనుషులు ఉన్నారు. మాకు తెలుసు, వారికి నమస్కారం. కానీ ఒక రైతు హక్కు ఇంకొకరి మంచితనం మీద ఆధారపడకూడదు. దానం వేరు, హక్కు వేరు.

ఉచితమా, స్వచ్ఛందమా అన్నది అసలు ప్రశ్న కాదు

ఇక్కడ రెండు ప్రభుత్వాల వారికీ కోపం వచ్చే మాట చెప్పాలి.

గత ప్రభుత్వం రైతు వాటా కూడా తామే కడతామంది. ఈ-క్రాప్‌లో నమోదైతే చాలు, బీమా ఉన్నట్టే అంది. కౌలుదారుకు అది మేలైన మాటే. మేము కాదనం. కానీ రైతు చేతికి రసీదు లేదు, ఏ కంపెనీ పూచీ పడిందో తెలియదు. 2020 ఖరీఫ్ నుంచి రాష్ట్రం కేంద్ర పథకంలోంచి బయటికి వచ్చి, 2022 ఖరీఫ్‌లో మళ్లీ చేరింది. ఈ రాకపోకల మధ్య పరిహారం ఎప్పుడు, ఎంత అన్నది ప్రభుత్వం చేతిలోని మాట అయింది. 2020 నవంబరు 30న నివర్ తుపాను నష్టం మీద శాసనసభలో పెద్ద గొడవ జరిగింది. ఆనాటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు గారు స్పీకర్ పోడియం ముందు నేల మీద కూర్చున్నారు, సస్పెండయ్యారు.

ఆ నాయకుడే ఇప్పుడు ముఖ్యమంత్రి. 2024-25 రబీ నుంచి ఉచితం తీసేసి, ఇష్టమైనవారు ప్రీమియం కట్టి చేరండి అన్నారు. ఖరీఫ్‌లో రెండు శాతం, రబీలో ఒకటిన్నర శాతం. 40 వేల బీమాకు సార్వాలో 800 రూపాయలు. ఆ డబ్బు కట్టలేమని మేము అనడం లేదు. చేతికి రసీదు వచ్చే పద్ధతి మంచిదే. కానీ స్వచ్ఛందం అన్న మాట వెనక ఏం జరుగుతోందో చూడండి. రుణం తీసుకున్న యజమాని బ్యాంకు ద్వారా చేరతాడు. కార్డు లేని కౌలుదారు చేరలేడు. నిరుడు కట్టి ఏమీ రానివాడు మళ్లీ కట్టడు. తుపాను వచ్చిన రోజున "నువ్వు చేరలేదు కదా" అని రైతునే దోషిని చేయడానికి మాత్రం ఆ మాట బాగా పనికొస్తోంది.

ఉచితం అన్నప్పుడు హక్కు కాగితం లేదు. స్వచ్ఛందం అన్నప్పుడు కాగితం ఉన్నవాడికే హక్కు. మాకు కావలసింది మూడోది. ఈ-క్రాప్‌లో నమోదైన ప్రతి ఎకరాకూ, సాగు చేసేవాడి పేరున, రసీదుతో సహా బీమా. చిన్న రైతు, కౌలు రైతు వాటా ప్రభుత్వం కట్టాలి. ఉన్నవాడు తన వాటా తాను కట్టుకోవచ్చు.

నష్టం రాకముందే కొంత బీమా ఉంది: మురుగు కాలవ

ఇంకొక మాట. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నీళ్లు తెచ్చి 170 ఏళ్లు దాటింది. నీళ్లు తేవడం ఎంత ముఖ్యమో, పంపేయడం అంత ముఖ్యం. 1960ల్లో మిత్రా కమిటీ డెల్టా మురుగు కాలవల మీదే నివేదిక ఇచ్చింది. ఆ తరవాత ఎన్ని ప్రభుత్వాలు మారినా గుర్రపు డెక్క మాత్రం మారలేదు. యనమదుర్రు డ్రెయిన్ అయినా, ఊరి వెనక పేరు లేని మురుగు కోడు అయినా, పూడిక, ఆక్రమణ, చెరువుల గట్లు అడ్డం. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశమంతా తమవైపు చూసేలా చేశారు. మోహన్ కందా కమిటీ వచ్చి వెళ్లింది. ముంపు మాత్రం పోలేదు.

బీమాకూ మురుగుకూ సంబంధం ఏమిటంటారా? హామీ దిగుబడి మన పాత దిగుబడుల నుంచే వస్తుంది. ఏడేళ్లలో చెడ్డ రెండేళ్లు వదిలేస్తారు. మూడో ఏడూ, నాలుగో ఏడూ మునిగితే అవి లెక్కలోకి వస్తాయి. హామీ దిగుబడి దిగిపోతుంది. అంటే మురుగు కాలవ తవ్వని పాపానికి చేను మునుగుతుంది, మునిగిన పాపానికి బీమా తగ్గుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

కొబ్బరిదీ ఇదే కథ. కొబ్బరి అభివృద్ధి బోర్డు పథకంలో 4 నుంచి 15 ఏళ్ల చెట్టుకు 900 రూపాయలు, 16 నుంచి 60 ఏళ్ల చెట్టుకు 1,750 రూపాయలు బీమాగా పెట్టారు. చెట్టు చనిపోతేనో, పనికిరాకుండా పోతేనో ఇస్తారు. గాలికి మొవ్వు మెలితిరిగి, గెలలు రాలి, రెండేళ్లు కాపు పోయిన చెట్టుకు ఏమీ లేదు. మొక్క నాటి కాపుకు తేవడానికి పట్టే ఏళ్లకు ఈ 1,750 ఏ మూలకు?

సబ్సిడీని బీమా అనుకోవద్దు

తుపాను తరవాత ప్రభుత్వం ప్రకటించే ఇన్‌పుట్ సబ్సిడీ వేరు, బీమా వేరు. మొదటిది విపత్తు నిధి నుంచి వచ్చే సాయం. 2022-26 కాలపు కేంద్ర నిబంధనల్లో నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, 33 శాతానికి పైగా నష్టం ఉంటేనే, రెండు హెక్టార్ల దాకానే. బీమా ఉన్నా లేకపోయినా అది అడగొచ్చు. సబ్సిడీ తీసుకుంటే బీమా పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. "నష్టం రాయించుకుంటే ధాన్యం కొనరు" అన్న మాట కూడా కొన్ని ఊళ్లలో మా చెవిన పడింది. అలా అన్నవారిని ఆ ముక్క కాగితం మీద రాసివ్వమని అడగండి. రాయరు.

మేము ఏమి కోరుతున్నాం

ఒకటి. వరి ముంపు నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఇస్తామన్న మాటను రాష్ట్ర ప్రభుత్వం తన నోటిఫికేషన్‌లో పెట్టాలి. అదనపు రక్షణలు రాష్ట్రం నోటిఫై చేస్తేనే వస్తాయి. కేంద్రం ప్రకటించింది కదా అని మనం నిద్రపోతే ఆ ముక్క మళ్లీ జారిపోతుంది. మొంథాలో మునిగిన చేలకు రాష్ట్రం ప్రత్యేకంగా సాయం చేయాలి, ఎందుకంటే తప్పు నిబంధనదని ఒప్పుకున్నది ప్రభుత్వమే.

రెండు. నష్టాన్ని 72 గంటల్లో ఫొటోలతో యాప్‌లో పెట్టాలన్న షరతు మార్చాలి. తుపాను దాటిన మూడు రోజులు కరెంటు ఉండదు, టవరు పనిచేయదు, చెట్లు పడి దారులు మూసుకుపోతాయి. అప్పుడు రైతు ఫోను ఎక్కడ ఛార్జింగ్ పెట్టుకోవాలి? కరెంటు వచ్చిన రోజు నుంచి గడువు లెక్కించాలి. రైతు సేవా కేంద్రం ఊరి మొత్తానికి కలిపి ఇచ్చే సమాచారాన్ని కంపెనీ ఒప్పుకోవాలి.

మూడు. ముంపు పల్లాలను విడి యూనిట్లుగా చూడాలి. పంట కోత ప్రయోగాలు ఎప్పుడు, ఏ సర్వే నంబరులో జరుగుతాయో ముందుగా పంచాయతీ బోర్డు మీద రాయాలి.

నాలుగు. కళ్లంలో, రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యానికి కోత తరవాతి రక్షణ ఇవ్వాలి.

ఐదు. యజమాని సంతకం లేకుండా, గ్రామసభ ధ్రువీకరణతో కౌలుదారుకు కార్డు ఇవ్వాలి. ఎవరి పేరున ఈ-క్రాప్ ఉందో వారి ఖాతాకే పరిహారం పోవాలి.

ఆరు. పరిహారం ఆలస్యమైతే కంపెనీ 12 శాతం వడ్డీ కట్టాలని నిబంధన ఉంది. రాష్ట్రం తన వాటా ఆలస్యం చేసినా 12 శాతం అంటూ కేంద్రం 2025లో చెప్పింది. ఆ వడ్డీ ఎంత పడిందో, ఎవరికి చేరిందో ఊరి వారీగా బయటపెట్టాలి.

మేము ఏమి చేయాలి

డిమాండ్లు రాసి కూర్చుంటే చాలదు. వచ్చే సార్వాకు ముందు మా సంఘం ప్రతి యూనిట్ ఐదుగురితో ఒక బీమా కమిటీ వేసుకోవాలని తీర్మానించింది. నాట్లు అవగానే ఈ-క్రాప్ నమోదులో సాగుదారు పేరు, సర్వే నంబరు, పంట సరిగా ఉన్నాయో లేదో ఆ కమిటీ చదివి వినిపించాలి. ప్రీమియం కట్టిన ప్రతి రసీదు ఫొటో తీసి ఒక చోట దాచాలి. బ్యాంకు పొరపాటున పేరు తప్పు పెట్టినా, పంట తప్పు పెట్టినా, నష్టపోయిన రైతుకు ఆ పరిహారం బ్యాంకే కట్టాలని నిబంధనల్లో ఉంది. ఆ సంగతి బ్యాంకుకు గుర్తు చేయాలి.

పంట కోత ప్రయోగం జరిగే రోజు మనవాళ్లు నలుగురు ఆ మడి దగ్గర ఉండాలి. తూకం చూడాలి, ఫారం మీద ఏ అంకె రాశారో రాసుకోవాలి. తుపాను వస్తే 14447 నంబరుకు ఫోను చేసి, వాళ్లిచ్చే నమోదు సంఖ్య దాచాలి. నష్టం చూడటానికి మనిషి 48 గంటల్లో నియమించాలని, పది రోజుల్లో అంచనా పూర్తి కావాలని నిబంధన. రాకపోతే కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా ఫిర్యాదుల కమిటీకి కాగితం పెట్టాలి. ఒక్కడు పెడితే అర్జీ. ఊరంతా కలిసి పెడితే అది పోరాటం.

మెరక రైతులకు ఒక మాట. ఈసారి మీ చేలో నీళ్లు తొందరగా దిగాయి. వచ్చేసారి గాలి ఏ దిక్కున తిరుగుతుందో ఎవరికి తెలుసు? పల్లపు రైతు పక్కన నిలబడండి. భూ యజమానులకు ఒక మాట. కౌలుదారుకు ఇచ్చే సంతకం వల్ల మీ భూమి పోదు. అది 11 నెలల సాగు ఒప్పందమే. మీ మక్తా నిలబడాలన్నా ఆ కౌలుదారు నిలబడాలి.

వచ్చే సార్వా నాట్లు పడేలోగా ఈ డిమాండ్లతో ప్రతి మండలంలో సంతకాలు సేకరించి, రాజమండ్రి, భీమవరం, అమలాపురం, కాకినాడ, ఏలూరు కలెక్టరేట్ల ముందు పెడతాం. తుపాను ఆపడం మా చేతిలో లేదు. నిబంధన రాసింది మనుషులు. మనుషులు రాసినదాన్ని మనుషులే మార్చగలరు. వచ్చే తుపాను నాడు గట్టు మీద నిలబడ్డ రైతు "బీమా వస్తాదంటారా అండీ?" అని అడిగితే, తల దించుకోకుండా జవాబు చెప్పగలగాలి. ఆ జవాబు కోసమే ఈ పని.